చెంబు మొక్కలు

ఆ వీధుల్లో ఆమెను దోమలమ్మ అనేవారు. ముఖం మీద ఎవరూ అనకపోయినా, ఆమె గేటు గొళ్లెం తీస్తుండగానే "అమ్మా, దోమలమ్మొచ్చింది, డ్రమ్ము మూతెయ్" అని లోపల పిల్లలు పెట్టే కేక ఆమె చెవిన పడుతూనే ఉండేది. విని నవ్వుకునేది. పురపాలక సంఘం వాళ్లిచ్చిన నీలం కోటు, భుజాన సంచి, సంచిలో టార్చి, తెల్లటి ప్లాస్టిక్ గరిటె, ఇంకు ఫిల్లరు, మూత బిగించే చిన్న సీసాలు. ఇంతే ఆమె సరంజామా. డ్రమ్ములో, కూలర్లో, ఫ్రిజ్ వెనక పళ్లెంలో, పాత టైర్లో, ఎక్కడ నీళ్లు నిలిస్తే అక్కడ గరిటె ముంచి, ఆ తెల్లటి గుంటలో దోమపిల్లలు మెలికలు తిరుగుతున్నాయేమో చూడాలి. ఉంటే నీళ్లు అక్కడికక్కడే ఒంపించాలి. గుమ్మం పక్కన అంటించిన కార్డు మీద రాయాలి. రెండోసారి కూడా కనబడితే జరిమానా చీటీ చింపాలి. పదిహేను రోజులకొకసారి ప్రతి ఇంటికీ. ఆరేళ్లుగా ఎండనక వాననక అదే పని.

అలాంటి మనిషి పెరట్లో నీళ్లు నిలవుండే చెంబులు నలభై మూడు ఉన్నాయంటే ఎవరూ నమ్మరు.

చెంబులంటే నిజం చెంబులు కావు, మొక్కలు. నర్సరీవాళ్లు బ్రొమీలియాడ్లంటారు. అనాసపండు నెత్తిన ఉండే ఆకుల కుచ్చును తెచ్చి కుండీలో నిలబెడితే ఎలా ఉంటుందో ఇంచుమించు అలా ఉంటాయి, ఆ జాతివే. ఆకులన్నీ అడుగున ఒకదాన్నొకటి పొదువుకుని నడుమ ఒక గుంట తయారవుతుంది. ఆ గుంటలో నీళ్లుంటేనే మొక్కకు ప్రాణం. వేళ్లతో తాగేది తక్కువ, ఆ గుంటతో తాగేదే ఎక్కువ. అత్తగారు మొదటిసారి చూసి "ఇదేంటే, చెంబు కడుపులో పెట్టుకుని పుట్టింది" అంది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో వాటి పేరు చెంబు మొక్కలే.

కొన్నింటికి పూత దగ్గరపడితే నడిమి ఆకులు ఎర్ర సిరా ఒలికినట్టు ఎర్రబారేవి. కొన్నింటి ఆకుల మీద అడ్డంగా వెండి చారలు. ముప్ఫై రెండు కుండీల్లో ఉండేవి, పదకొండు సపోటా చెట్టు మానుకు కొబ్బరిపీచుతో కట్టి ఉండేవి. ఒక మొక్క ఒక్కసారే పూస్తుంది. పూశాక నెలల తరబడి మెల్లగా వాడిపోతూ మొదలు దగ్గర రెండో మూడో పిల్లల్ని పెట్టి పోతుంది. పిల్ల తల్లిలో మూడో వంతు ఎదిగాక కత్తితో వేరుచేసి ఇంకో కుండీలో పెట్టుకోవాలి. అలా పిల్లలు పిల్లల్ని పెట్టి, నర్సరీలో కొన్న రెండు మూడు రకాలు వచ్చి కలిసి, పెరడు నిండిపోయింది.

మూడు రోజులకొకసారి ఆమె తెల్లవారుతుండగానే లేచి కుండీలన్నీ ఒక్కొక్కటే పక్కకు ఒంచి పాత నీళ్లు పారబోసి, పైపుతో గట్టిగా కడిగి, కొత్త నీళ్లు నింపేది. చెట్టుకున్నవాటికి స్టూలెక్కి, పైపు మూతి గుంటలో పెట్టి, పాత నీళ్లు పొర్లిపోయేదాకా వదిలేది. దోమగుడ్డు పిల్లై, ఆ పిల్లకు రెక్కలొచ్చి ఎగరడానికి వారం పది రోజులు కావాలి. మూడు రోజులకొకసారి కడుగుతుంటే దేనికీ ఎగిరే యోగం పట్టదు. ఈ సంగతి ఆమెకు తెలిసినంతగా ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. అయినా మనసు కుదుటపడేది కాదు. కడిగిన మర్నాడే అన్నం ముందునుంచి లేచి వెళ్లి నాలుగు గుంటల్లోకి టార్చి కొట్టి చూసి వచ్చేది. "అన్నం చల్లారిపోతోంది, అవెక్కడికీ పారిపోవు" అనేవాడు భర్త. ఆమె మళ్లీ కూర్చునేది గాని కాలు మాత్రం బల్ల కింద ఆడుతూనే ఉండేది.

ఆమె ఉండే వీధి ఆమె కిందికి రాదు. ఆ వీధి తోటి ఉద్యోగిది. అతన్ని ఆఫీసులో అందరూ పొడుగు అనేవారు. ప్రతి గుమ్మానికీ తల వంచి వంచి అతని మెడ ఎప్పుడూ ముందుకు వాలి ఉండేది. అతను పదిహేను రోజులకొకసారి వచ్చి గేటు దగ్గరే నిలబడి, "అక్క ఇల్లు కూడా చూడాలా, చూస్తే పాపం తగుల్తుంది" అని నవ్వి, కార్డు మీద సంతకం గీకి వెళ్లిపోయేవాడు. పెరట్లో ఏముందో అతనికి తెలియదు. ఆమె ఎన్నడూ లోపలికి రమ్మనలేదు. అబద్ధమాడలేదు, నిజమే. నోరు తెరిచి నిజం చెప్పిందీ లేదు.

ఆమె నోరు తెరవకపోవడానికి ఇంకో కారణం ఉంది. అది గడియారాలాయన.

ఉద్యోగంలో చేరిన పన్నెండో రోజున ఆమె గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన ఇంటికి తనిఖీకి వెళ్లింది. ఒంటరి మనిషి. ముందుగదిలో పని బల్ల, గోడలనిండా జనం బాగుకిచ్చి మరిచిపోయిన గడియారాలు. వెనక వరండాలో ఒక ఇనప స్టాండు, దాని మీద పదకొండు చెంబు మొక్కలు. ఆమె అలాంటివి అంతకుముందు చూసి ఎరగదు. గరిటె పట్టకపోతే ఫిల్లరుతో ఒక గుంటలో నీళ్లు తీసింది. చూస్తే అడుగున ఎర్రగా, సన్నగా ఒక పురుగు కదులుతోంది. ఇంకో దాంట్లో ఇంకోటి.

"ఇవి తీసి పారెయ్యాలి" అంది.

"అది దోమపిల్ల కాదమ్మా" అన్నాడాయన. "దోమపిల్ల పైన వేలాడుతుంది, గాలి పీల్చడానికి. ఇది అడుగున ఉండే ఎర్ర పురుగు. ఎవర్నీ కుట్టదు."

పన్నెండు రోజుల ఉద్యోగి. మొదటి వారమే ఒక ఇంట్లో మెతకగా మాట్లాడి అధికారి చేత చీవాట్లు తిన్న మనిషి. ఇంటివాళ్లు చెప్పే మాటలు వింటూ పోతే పని జరగదని నేర్చుకుని వచ్చింది. "నాకు పాఠాలు చెప్పకండి. పారేస్తారా, జరిమానా రాయమంటారా?" అంది. ఆయన మొక్కలన్నీ రెండు గోనెసంచుల్లో పెట్టి గేటు దగ్గరికి తెచ్చిచ్చాడు. చెత్తబండి వచ్చేదాకా సంచులు ఆమె దగ్గరే ఉన్నాయి. బండి వచ్చేలోగా ఒక సంచిలోంచి వెండి చారల ఆకు ఒకటి బయటికి పొడుచుకొచ్చి కనబడింది. ఎందుకో తెలియదు, దాన్నీ, దాని పక్కదాన్నీ తీసి తన సంచిలో వేసుకుంది. మిగతా తొమ్మిదీ బండెక్కాయి.

ఏడాది తిరగకముందే ఆమెకు తెలిసిపోయింది. తన పెరట్లోనే ఆ ఎర్ర పురుగులు కనబడ్డాయి. సీసాలో పెట్టి చూసింది, ఆఫీసులో గోడకున్న బొమ్మలతో పోల్చి చూసింది. ఆయన చెప్పిందే నిజం. అది దోమ కాదు.

అప్పట్నుంచి పదిహేను రోజులకొకసారి ఆ ఇంటికి వెళ్లడం ఆమెకు నిప్పుల మీద నడిచినట్టుండేది. ఆయన ఎప్పుడూ మర్యాదగానే తలుపు తీసేవాడు. వెనక వరండాలో ఆ ఇనప స్టాండు అలాగే ఖాళీగా ఉండేది. దాని మీద ఆయన ఏదీ పెట్టుకోలేదు, తుడిచి మాత్రం ఉంచేవాడు. ఆమె డ్రమ్ము చూసి, పళ్లెం చూసి, సంతకం పెట్టి, పరుగులాంటి నడకతో బయటపడేది. చెబుదామనుకున్న రోజులున్నాయి. నోటిదాకా వచ్చిన మాట మళ్లీ కడుపులోకి జారిపోయేది.

ఆ ఏడు వానలు వెనకబడి కురిశాయి, కురిశాక ఆగలేదు. ఊళ్లో జ్వరాలు మొదలయ్యాయి. ఇన్స్‌పెక్టర్లందరికీ సెలవులు రద్దు చేశారు. పొద్దున ఆరింటికి బయల్దేరితే ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటేది. పెరటి పని చెయ్యడానికి ఆమెకు ఒంట్లో ఓపికా లేదు, చేతిలో వెలుతురూ లేదు.

"మూడు రోజులకొకసారి మీరు కడగండి, ఒక్క పదిరోజులు" అని భర్తను అడిగింది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు.

"కడుగుతాలే. అదేమన్నా బ్రహ్మవిద్యా?"

"కుండీ ఒంచాలి. ఊరికే పైన పోస్తే పాత నీళ్లు పోవు."

"ఒంచుతాను."

"చెట్టుకున్నవి కూడా."

"అన్నీ అన్నాగా."

ఆమె ప్రతి సాయంత్రం చెప్పులు విప్పకముందే అడిగేది, "కడిగారా?" అని. కడిగాను అనేవాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఆ రాత్రికి నిద్రపోయేది.

పది రోజులన్నది నెల దాటింది. అప్పుడు పక్కింటి టైలరమ్మ కూతురికి జ్వరం వచ్చింది. అయిదేళ్ల పిల్ల. మొదట మామూలు జ్వరమే అనుకున్నారు. రెండో రోజుకి ఒంటి మీద ఎర్రటి చుక్కలు తేలాయి, ఆసుపత్రిలో చేర్చారు. ఆ వీధిలో అది మూడో కేసు. అధికారి అందర్నీ నిలబెట్టి ఆ వీధిని గురువారం ఇంటింటికీ, ముందూ వెనకా, కప్పు మీదా మెట్ల కిందా గాలించి తీరాలన్నాడు. "గేటు దగ్గర సంతకాలు పెట్టేవాళ్ల సంగతి నాకు తెలుసు" అని పొడుగు వైపు చూశాడు. పొడుగు మెడ ఇంకాస్త వాల్చాడు.

అది విన్న క్షణం నుంచి ఆమె కాలుగాలిన పిల్లిలా అయిపోయింది. బుధవారం తన వీధుల్లో తనిఖీ చేస్తుంటే ఒకే ఇంటి డ్రమ్ము రెండుసార్లు చూసింది. ఒకచోట సంతకం పెట్టి తారీఖు వేయడం మరిచిపోయి సగం వీధి వెనక్కి నడిచింది. మధ్యాహ్నం గడియారాలాయన గుమ్మం ముందు నిలబడేటప్పటికి ఆమె బుర్రలో ఒకటే ఆలోచన. ఆయన వీధిలో జ్వరాల్లేవు. వెనక వరండాలో స్టాండు ఖాళీగా ఉంది. ఒక్క వారం. కుండీలు రెండు ట్రిప్పుల్లో తెచ్చేయొచ్చు.

ఆయన బల్ల ముందు కూర్చుని కంటికి అద్దం బిగించుకుని ఒక చేతిగడియారం లోపలికి చూస్తున్నాడు. "రామ్మా, తలుపు తీసే ఉంది" అన్నాడు.

ఆమె డ్రమ్ము దగ్గరికి వెళ్లలేదు. సంచి భుజాన ఉండగానే, "బాబాయిగారూ, మీ స్టాండు మీద ఒక వారం కొన్ని కుండీలు పెట్టుకోవచ్చా?" అంది.

"ఏం కుండీలు?"

ఆమె చెప్పింది. మొదలుపెట్టాక ఆగలేదు. గోనెసంచి దగ్గర్నుంచి, బండి దగ్గర్నుంచి, వెండి చారల మొక్క దగ్గర్నుంచి, ఎర్ర పురుగును సీసాలో పెట్టి బొమ్మతో పోల్చుకున్న రోజు దాకా చెప్పింది. "మీరు చెప్పింది నిజమే. అది దోమ కాదు. నాకప్పుడు తెలీదు. తెలిశాక కూడా చెప్పలేదు. అయిదేళ్లు చెప్పలేదు" అంది.

ఆయన కంటి అద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎన్నున్నాయి ఇప్పుడు?"

"నలభై మూడు."

"వెండి చారలది బతికిందా?"

"దాని మనవలున్నాయండి."

"పూసిందా?"

"రెండో ఏడు పూసింది."

"నా దగ్గర నాలుగేళ్లుంది. పూయలేదు" అన్నాడు. "ఏ రంగు?"

"గులాబీ రంగు గుత్తి. ముళ్లుముళ్లుగా ఉంటుంది. అందులోంచి చిన్న చిన్న నీలం పూలొస్తాయి. పూలు ఎన్నాళ్లో ఉండవు గాని గుత్తి నెలల తరబడి ఉంటుంది."

"నీలమా" అన్నాడాయన. పుస్తకంలో ఎర్రవి అని చదివాడట. కాసేపు ఏదో లెక్క చూసుకుంటున్నట్టు వేళ్లు బల్ల మీద ఆడించాడు. తర్వాత లేచాడు.

"నా దగ్గర వద్దమ్మా. లోపల ఏముందో తెలియని నీళ్లు పట్టుకుని ఆ వీధిలోంచి ఈ వీధికి తెస్తానంటున్నావు. ఆ మాట వేరే ఎవరైనా అంటే నువ్వేమంటావు?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"కోపం లేదని అనను" అన్నాడాయన. "చాలా రోజులుంది. తర్వాత పోయింది. పొద్దున్నే లేచి చూసుకోవలసిందేదీ లేకపోవడం కూడా అలవాటైపోయింది. ఇంటికెళ్లి నీ మొక్కలు నువ్వు చూసుకో. నా మొక్కల్ని చూసినట్టు కాదు, సరిగ్గా."

"ఒక పిల్ల మొక్క తెచ్చివ్వనా?"

ఆయన కంటి అద్దం మళ్లీ అందుకున్నాడు. "డ్రమ్ము చూసి సంతకం పెట్టి వెళ్లు. నీకింకా ఇళ్లున్నాయి" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి ఇంకా గంట వెలుతురుంది. కోటు విప్పకుండానే పెరట్లోకి వెళ్లింది. కుండీల దగ్గర కూర్చుని ఒక్కొక్కదాంట్లో ఫిల్లరుతో నీళ్లు తీసి తెల్లగరిటెలో ఒంపి చూసింది. నడిమి గుంటా, పక్క ఆకుల సందుల్లోని చిన్న గుంటలూ, అన్నీ. ముప్ఫై రెండూ శుభ్రంగా ఉన్నాయి. భర్త కడిగిన మాట నిజమే. గుండె బరువు కాస్త దిగింది.

స్టూలు తెచ్చుకుని చెట్టు దగ్గరికి వెళ్లింది. స్టూలు మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంది. ఎక్కింది. మొదటి మొక్కలో నీళ్లు చిక్కబడి, ఒక ఎండుటాకు తేలుతోంది. ఫిల్లరు పెట్టి తీసి గరిటెలో ఒంపింది. నాలుగు. తలకిందులుగా పైన వేలాడుతూ, టార్చి పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు దిగాయి. ఇవి ఎర్ర పురుగులు కావు. ఆరేళ్లుగా ఊరంతా వెతుకుతున్నవి ఇవే. వెనకవైపు మొక్కలో ఇంకో ఏడు. రెండిట్లో ఉత్త తొక్కలు తేలుతున్నాయి. లోపలున్నది అప్పటికే ఎగిరిపోయింది.

ఆమె స్టూలు మీదే నిలబడిపోయింది. పక్కింటి గోడ అక్కడికి నాలుగడుగులు. గోడ అవతల టైలరమ్మ కుట్టుమిషను నాలుగు రోజులుగా మూగగా ఉంది.

భర్త వచ్చేసరికి ఆమె చేతిలో సీసా ఉంది.

"చెట్టుకున్నవి కడగలేదు" అంది.

"కడిగానే. కింద నిలబడి పైపుతో కొట్టాను."

"స్టూలెక్కలేదు."

పన్నెండో అంతస్తులో తాడు పట్టుకుని వేలాడే మనిషికి ఇంటి పెరట్లో స్టూలెక్కడం బద్ధకం. అతను సీసా వైపు చూశాడు, అర్థమైంది. "కింద నుంచి కొడితే చాలనుకున్నాను" అన్నాడు మెల్లగా. తర్వాత ఇంకా మెల్లగా, "అవి కాలవలో పోసేసి అన్నీ కడిగేద్దాం రా. రేపు పొడుగొచ్చినా ఏముంటుంది? నువ్వు ఆ ఉద్యోగం చేస్తూ... బయటికి తెలిస్తే మొహం ఎక్కడ పెట్టుకుంటాం?"

గుమ్మంలో కూర్చున్న అత్తగారు అంతా వింది. "కడగడం కడగండిరా ముందు" అంది. "మొహాల సంగతి తర్వాత. ఇంకో పిల్ల పడుకోకుండా చూడండి."

ముగ్గురూ కలిసి కడిగారు. భర్త స్టూలెక్కాడు. ఆమె కింద నుంచి చెబుతుంటే ఒక్కొక్క గుంటా పొర్లేదాకా పైపు పెట్టాడు. మానుకు కట్టిన పీచు కోసి పదకొండింటినీ కిందికి దించారు. తలకిందులుగా గోడవార పేర్చారు. సీసా మాత్రం ఆమె వదల్లేదు. మూత బిగించి, కాగితం అంటించి, తారీఖు వేసి, వంటింటి అలమరలో పెట్టింది. ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు. అలమర దగ్గరికి మూడుసార్లు వెళ్లి వచ్చింది. మొదటిసారి వెళ్లినప్పుడు పోసేద్దామనే వెళ్లింది.

గురువారం పదిగంటలకు పొడుగు వచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు. అప్పటికే పధ్నాలుగు ఇళ్లు గాలించాడు. "నాలుగిళ్లలో దొరికాయక్కా. ఒకావిడ పాత సింకు పెరట్లో పడేసింది, అందులో చెరువుంది" అన్నాడు. "నీ కార్డియ్యి, సంతకం పెట్టేస్తా, మంచినీళ్లియ్యి."

"పెరట్లోకి రా."

వచ్చాడు. కుండీలన్నీ చూసి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆమె సీసా చేతికిచ్చింది.

"ఇదెక్కడిది?"

"ఇక్కడిదే. నిన్న సాయంత్రం తీశాను. ఆ చెట్టుకున్న మొక్కల్లో."

పొడుగు సీసా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, గేటు వైపు చూశాడు. "అక్కా, నాకు చూపించకుండా ఉండాల్సింది. ఇప్పుడు మాత్రం ఏమైంది? పారబొయ్యి. నేను చూళ్లేదు."

"రాయి."

"కడిగేశావుగా. ఇవాళ నా గరిటెలో పడితే కదా నేను రాయాలి?"

"పక్కింటి పిల్ల ఆసుపత్రిలో ఉంది. తొక్కలు కూడా ఉన్నాయి. అంటే కొన్ని ఎగిరిపోయాయి. రాయి."

"నా సంతకాలున్నాయక్కా ఆ కార్డు మీద" అన్నాడతను. "ఆరేళ్లవి. లోపలికి రాకుండా పెట్టినవి. నిన్ను రాస్తే నన్ను నేను రాసుకున్నట్టే."

ఆ సంగతి అంతవరకూ ఆమెకు తట్టలేదు. అయినా అతని చేతిలోంచి తనిఖీ పుస్తకం తీసుకుని తన ఇంటి నంబరు ఎదురుగా తనే రాసింది: చెట్టు మీది మొక్కల్లో, దోమపిల్లలు, పదకొండు. కింద తన సంతకం పెట్టింది. "నేను లోపలికి రమ్మనలేదని చెబుతాను. అది నిజమే" అంది. పొడుగు మంచినీళ్లు తాగకుండానే వెళ్లిపోయాడు.

అధికారి ఆమెను పిలిపించి అరగంట నిలబెట్టాడు. పత్రికలవాళ్లకు తెలిస్తే ఆఫీసు పరువు గంగలో కలిసేదన్నాడు. జరిమానా వేశాడు. తిరిగే పని తీసేసి గోదాములో మందు డబ్బాలు అందించే పనిలో కూర్చోబెట్టాడు, ఎన్నాళ్లకో చెప్పలేదు. పొడుగుకు మందలింపు కాగితం అందింది. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజున గోదాములోకి వచ్చి, "నీ వీధులు నాకిచ్చారక్కా, రోజుకి వంద మెట్లు" అని గొణిగాడు. ఆమె అతని చేత గడియారాలాయనకు వెండి చారల పిల్ల మొక్క ఒకటి కుండీలో పెట్టి పంపింది. పొడుగు అది తిరిగి తెచ్చాడు. "వద్దన్నాడు. నీ దగ్గరే ఉంచమన్నాడు. పూస్తే మాత్రం కబురు చెయ్యమన్నాడు, వచ్చి చూస్తాడట" అన్నాడు.

చుట్టుపక్కల వీధులన్నిటికీ సంగతి ఒక్కరోజులో పాకింది. ఇన్నాళ్లూ డ్రమ్ముకు మూతపెట్టమని కేకలేసినవాళ్లు ఇప్పుడు ఆమెను చూసి గొంతు తగ్గించేవారు, అదే ఆమెకు ఎక్కువ కష్టంగా ఉండేది. ఎదురింటాయన ఒక పొద్దున, "ఊరందరికీ చెప్పేదానివి" అని, అంతటితో ఆపి లోపలికి వెళ్లిపోయాడు. ఆమె గోదాములో కూర్చోలేకపోయేది. డబ్బాలు ఒకసారి పేర్చి, మళ్లీ పేర్చేది. ఎవరూ అడగని లేబుళ్లు రాసేది. ఆరేళ్లు నడిచిన కాళ్లు కుర్చీలో నిలవనంటున్నాయి.

టైలరమ్మ కూతురు ఆరు రోజుల తర్వాత ఇంటికొచ్చింది. చిక్కి సగమైంది. గోడ మీంచి చూస్తే వరండాలో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉండేది. టైలరమ్మ మాత్రం గోడ దగ్గరికి రాలేదు. పన్నెండేళ్లుగా గిన్నెలూ కబుర్లూ దాటిన గోడ అది. ఆమె ఒకసారి "వదినా" అని పిలిచింది. లోపల కుట్టుమిషను ఒక్క క్షణం ఆగి మళ్లీ గట్టిగా తిరగడం మొదలుపెట్టింది.

చెట్టు నుంచి దించినవన్నీ కుండీలకు ఎక్కించింది. ఒంపడానికి వీలుకాని మొక్క ఒక్కటి కూడా ఇక పెరట్లో ఉండకూడదనుకుంది. రెండు కుళ్లిపోయాయి. మూడు రోజులకొకసారి కడగడం రెండు రోజులకొకసారి అయింది. ఇప్పుడు భర్త అడక్కుండానే లేచి వచ్చి రెండో వైపు నుంచి మొదలుపెట్టేవాడు. ఇద్దరూ మధ్యలో కలిసేవారు.

అలా మూడు వారాలు గడిచాక ఒక ఆదివారం పొద్దున టైలరమ్మ గేటు తీసుకుని వచ్చింది. మెడలో కొలత టేపు వేలాడుతోంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"మా ఇల్లొకసారి చూడండి" అంది. ఎప్పుడూ నువ్వు అనే మనిషి.

ఆమె సంచి తీసుకుని వెంట వెళ్లింది. ఆ ఇంట్లో గంటసేపు చూసింది. స్నానాలగది బకెట్లు, డ్రమ్ము, ఫ్రిజ్ వెనక పళ్లెం, కప్పు మీది ట్యాంకు, కిటికీ మీది రేకు మడత, ఇస్త్రీకి నీళ్లు చిలకరించే డబ్బా, మెట్ల కింద పిల్ల బొమ్మల బుట్ట. బుట్టలోంచి ఒక ప్లాస్టిక్ బాతును తీసి పిండి కూడా చూసింది. పిల్ల దుప్పటిలోంచి ఆమెనే చూస్తూ కూర్చుంది. "అది నోట్లో పెట్టుకుంటా నేను" అంది. "పెట్టుకోకు" అంది ఆమె.

ఎక్కడా ఏమీ లేదు. గరిటె తుడిచి సంచిలో వేసుకుంది.

"ఏమన్నా ఉన్నాయా?" అంది టైలరమ్మ.

"లేవు. శుభ్రంగా ఉంది."

"అప్పుడు కూడా ఇలాగే ఉంచాను. ఎప్పుడూ ఇలాగే ఉంచుతాను."

"తెలుసు."

"అయితే మీ ఇంటి నుంచే వచ్చినట్టా?"

వీధిలో ఇంకో నాలుగిళ్లలో దొరికాయి. ఏ దోమ ఎవర్ని కుట్టిందో చెప్పడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. ఆ మాట అధికారి చెప్పాడు, భర్త చెప్పాడు, పొడుగు కూడా చెప్పాడు. అదంతా ఆమె నాలుక చివర ఉంది.

"అయ్యుండొచ్చు" అంది.

టైలరమ్మ టేపు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గాని జారలేదు. లోపల పిల్ల దగ్గింది. ఇద్దరూ అటు తిరిగి చూశారు. పిల్ల ఇంకేం చెయ్యలేదు, దుప్పటి సర్దుకుంది.

"వచ్చే ఆదివారం కూడా వచ్చి చూడండి" అంది టైలరమ్మ.

"వస్తాను" అంది ఆమె. మెట్లు దిగుతూ, వచ్చే ఆదివారందాకా ఆగడం ఎలాగా అనుకుంది.